పాత రౌటర్‌తో గది టెంపరేచర్ లాగింగ్: ఇలా సెట్ చేసుకోండి

ఫోన్‌లో వెదర్ యాప్ చూపించే టెంపరేచర్ మీ గదిది కాదు, ఆరుబయట నీడలో ఉండే గాలిది. మా చీమకుర్తిలో మే నెలలో రోజంతా ఎండకు కాలిన శ్లాబు రాత్రంతా కింద గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. మా నాయనమ్మ పడుకునేది అలాంటి గదిలోనే. "నాకేం ఉక్కగా లేదురా" అంటుంది. వయసు పైబడితే ఒంటికి వేడి తెలియడం తగ్గుతుంది కాబట్టి ఆ మాటను నమ్మి ఊరుకోలేం. మంచం కింది వాటాలోకి మార్చాలా, శ్లాబు మీద తెల్ల కూల్ పెయింట్ వేయిస్తే చాలా? దీనికి రాత్రంతా తీసిన రీడింగులు కావాలి.

రీడింగులు రాసిపెట్టడానికి రౌటరే ఎందుకంటే, ఇంట్లో 24 గంటలూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ అదొక్కటే. ఫైబర్ కంపెనీ ఇచ్చిన బాక్స్ జోలికి వెళ్లకండి. యూఎస్‌బీ పోర్ట్ ఉన్న పాత రౌటర్ ఒకటి తీసుకుని, దాంట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసి, ఆ బాక్స్ వెనక తగిలించండి. కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉండాలి. మీ మోడల్‌కి సపోర్ట్ ఉందో లేదో ముందే చూసుకోండి.

సెన్సార్ డీఎస్18బీ20 తీసుకోండి. డీహెచ్‌టీ11 చవకే గానీ 2 డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తుంది, మన పనికి చాలదు. డీఎస్18బీ20లో ఆ తేడా అర డిగ్రీలోపే. కాకపోతే మార్కెట్‌లో నకిలీలు చాలా ఉన్నాయి, రెండు మూడు కొని ఒకేచోట పెట్టి పోల్చి చూడండి. దాన్ని ఆర్డునో నానోకి కలపాలి: పవర్, గ్రౌండ్, డేటా, మూడే వైర్లు. పవర్‌కీ డేటాకీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. నానోని యూఎస్‌బీ కేబుల్‌తో రౌటర్‌కి గుచ్చి, రౌటర్‌లో దాని యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్ వేస్తే, నానో పంపే ప్రతి లైనూ స్క్రిప్ట్‌తో చదువుకోవచ్చు.

అసలు తిప్పలు ఇక్కడి నుంచే. 85 డిగ్రీలు అని వస్తే గది కాలిపోతోందని కాదు. సెన్సార్ ఇంకా కొలవకుండానే మీరు చదివేశారన్నమాట. ఫుల్ రిజల్యూషన్‌లో కొలవడానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. మైనస్ 127 వస్తే వైరు ఊడింది. ఈ రెండూ లాగ్‌లోకి ఎక్కకుండా స్క్రిప్ట్‌లోనే ఆపేయండి, లేకపోతే సగటు మొత్తం పాడవుతుంది.

లాగ్‌ని రౌటర్ సొంత ఫ్లాష్ మీద రాయొద్దు, ఊరికే అరిగిపోతుంది. ర్యామ్‌లో ఉంచి గంటకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. 5 నిమిషాలకొక రీడింగ్ అంటే రోజుకి 288. ఏడాది మొత్తం కలిపినా 3 ఎంబీ దాటడం కష్టం.

కరెంటు పోతే ఏంటి? ఫ్యాన్ ఆగిపోయే ఆ గంటలే మనకు ముఖ్యం, లాగ్ కూడా అప్పుడే ఆగిపోతే ఇంత చేసీ లాభం లేదు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. ఇంకో సంగతి: ఇలాంటి రౌటర్లలో చాలావాటికి బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. రీస్టార్ట్ అయ్యాక ఇంటర్నెట్ వచ్చేదాకా పాత టైమే చూపిస్తుంది. నానోకి డీఎస్3231 గడియారం మాడ్యూల్ తగిలిస్తే ఆ బాధ ఉండదు.

సెన్సార్‌ని మంచం ఎత్తులో, గోడకు తగలకుండా, రౌటర్‌కి దూరంగా వేలాడదీయండి. ప్రతి డీఎస్18బీ20కీ సొంత 64 బిట్ల ఐడీ ఉంటుంది, కాబట్టి అదే డేటా వైరు మీద ఇంకోటి కూడా కలపొచ్చు. దాన్ని బయట నీడలో పెట్టండి. పెయింట్ పనిచేసిందా లేదా తేల్చాలంటే గది రీడింగ్ ఒక్కటే చూస్తే కుదరదు, ఆ వారం వాతావరణమే చల్లబడి ఉండొచ్చు. లోపలికీ బయటికీ ఉన్న తేడాను పెయింట్‌కి ముందు వారం, తర్వాత వారం, రాత్రి 9 నుంచి తెల్లారి 5 దాకా పోల్చండి. ఆ తేడా తగ్గకపోతే పెయింట్ మీద ఆశ వదిలేసి మంచం కిందికి దించాల్సిందే.