తాతగారి ఫోటోలో రేవు ఏది?

మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. తెల్లబట్టల్లో తాతగారు, వెనక గట్టుకి ఆనుకుని ఓడ, ఆ వెనక కొండ. అట్ట మీద రంగూన్ స్టూడియో ముద్ర ఉంది కాబట్టి అది రంగూన్ రేవే అనుకున్నాం. ఆ ముద్ర చెప్పేది ప్రింటు ఎక్కడ వేశారనే. ఫోటో అక్కడే తీశారని కాదు.

ఇలాంటి ఫోటోల్లో ముందు ఓడని చూస్తాం. కానీ ఓడ ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. కొండ కదలదు కదా! రంగూన్ నది ఒడ్డు రేవు, అంతా చదును నేల. నీళ్ళలోకి ముక్కు చాచిన కొండ అక్కడ లేదు. కాకినాడలోనూ లేదు. పైగా అక్కడ లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా లంగరేసేవి, జనం పడవల మీద వెళ్ళేవారు. మద్రాసైతే 1894 నుంచి 1977 దాకా హైకోర్టు గుమ్మటం మీదే లైట్‌హౌసు, కొండ ఊసే లేదు. ఇక మిగిలింది విశాఖ, మన డాల్ఫిన్స్ నోస్.

హార్బరులోంచి సముద్రంకేసి చూస్తే ఆ కొండ కుడివైపుండాలి. మా ఫోటోలో ఎడమవైపుంది! స్కాన్ చేసి పెద్దది చేస్తే ఓడ మీది అక్షరాలూ తిరగబడే ఉన్నాయి. నెగటివ్ తిరగేసి ప్రింటు వేశారన్నమాట.

విశాఖ లోపలి హార్బరు తెరిచింది 1933లో. అంతకుముందు ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి. తాతగారు బర్మా వెళ్ళింది 1929లో. 1942లో కాలినడకన వచ్చేదాకా ఇంటి ముఖం చూడలేదని అందరూ అనేవారు. నాయనమ్మ ఒక్కతే "మధ్యలో ఒకసారి వచ్చెళ్ళారురా" అనేది. ఎవరం నమ్మలేదు.