ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ఏ కెమెరా కొనాలి? ముందు లైటు సంగతి చూడండి

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ లాడ్ బజార్ దాకా రాలేని వాళ్లు ఆ గాజుల్ని చూసేది ఫోన్‌లోనే. ఫొటోలో మెరూన్‌గా కనిపించిన సెట్టు ఇంటికొచ్చాక ఎర్రగా ఉంటే వెనక్కి పంపేస్తారు. అమ్మే పద్ధతిని బట్టి రానుపోను కొరియర్ ఖర్చు, దారిలో ఊడిన రాళ్ల నష్టం చాలాసార్లు దుకాణదారు నెత్తినే పడతాయి. దాంతో చాలామంది 50, 60 వేలు పెట్టి కెమెరా కొనేద్దాం అనుకుంటారు. తొందరపడొద్దు. రంగు తేడా ఎక్కువగా వచ్చేది లైటు వల్లే.

చౌక ఎల్‌ఈడీ బల్బుల వెలుగులో ముదురు ఎరుపు పాలు తక్కువగా ఉంటుంది. అందుకే ఎరుపు, మెరూన్ రంగులు ఆ వెలుగులో చచ్చిపోయినట్టు కనిపిస్తాయి. కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ అనే అంకె చూడండి. అది 90 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. కలర్ టెంపరేచర్ 5000 నుంచి 5600 కెల్విన్ మధ్య ఉన్న బల్బులు రెండు, ఒకే కంపెనీవి తీసుకోండి. ఒకపక్క కిటికీ వెలుగు, ఇంకోపక్క దుకాణంలోని పసుపు బల్బు ఉంటే మాత్రం ఎంత ఖరీదైన కెమెరా అయినా తికమక పడుతుంది. ఫొటో తీసేటప్పుడు మిగతా లైట్లన్నీ ఆపేయాల్సిందే.

బల్బు వెలుగు నేరుగా పడితే రాళ్ల మీద తెల్లటి చుక్కలు వస్తాయి. మధ్యలో ట్రేసింగ్ పేపరో, పలుచటి తెల్ల మల్లు గుడ్డో అడ్డం పెట్టండి, బల్బుకు తగలకుండా. నీడ పడే వైపు థర్మాకోల్ ముక్క నిలబెడితే చాలు. అత్తరు సీసాకైతే రెండు పక్కలా నల్ల కాగితం పెట్టి చూడండి, గాజు అంచు స్పష్టంగా తేలుతుంది.

తర్వాత కొనాల్సింది ట్రైపాడ్, ఫోన్ పట్టుకునే క్లిప్పు. చెయ్యి కదలదు, ప్రతి సెట్టూ ఒకే కోణంలో వస్తుంది. రెండు సెకన్ల టైమర్ కూడా పెట్టుకోవాలి.

ఇక కెమెరా. అమెజాన్ మెయిన్ ఫొటోకు అడిగేది పూర్తి తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఫ్రేములో 85 శాతం వస్తువు. జూమ్ పనిచేయాలంటే పొడవు వైపు కనీసం 1000 పిక్సెళ్లు కావాలి. ఈ లెక్కకు ఇప్పటి మామూలు ఫోనే ఎక్కువ. అయితే ఫోన్‌ని మరీ దగ్గరగా పెడితే ముందున్న గాజు పెద్దగా, వెనకది చిన్నగా వస్తుంది. కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. తక్కువ ధర ఫోన్లలో ఉండే 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరాని నమ్ముకోవద్దు, మెయిన్ కెమెరాతో తీసి కత్తిరించుకోవడమే మేలు. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ ఆపేయాలి, ఈ మాట మళ్లీ చెప్పక్కర్లేదు అనుకుంటా.

నల్ల అబాయా, బుర్ఖాల సంగతి వేరు. ఆటోలో తీస్తే కెమెరా నలుపుని బూడిద రంగు చేసేస్తుంది. స్క్రీన్ మీద నొక్కి ఎక్స్‌పోజర్ తగ్గించండి. లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి పెడితే ఎంబ్రాయిడరీ లేచి కనిపిస్తుంది.

మరి పెద్ద కెమెరా ఎవరికి అవసరం? ముత్యాలు, ముక్కుపుడకల్లాంటి చిన్న వస్తువులు రోజూ పదుల్లో తీసేవాళ్లకి. వాళ్లు కూడా కొత్త బాడీ మీద డబ్బు పోయకుండా సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకుని, మిగిలింది 90 లేదా 100 ఎంఎం మాక్రో లెన్సు మీద పెట్టాలి. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు అంత దగ్గరికి పోదు. ఐఎస్‌ఓ 100, ఎఫ్/11 పెడితే సెట్టులో ముందు గాజు నుంచి వెనక గాజు వరకు చాలామటుకు క్లియర్‌గా వస్తాయి. బాడీ మీదుండే ఫ్లాష్ వాడొద్దు.

ఫొటోలు ఇంట్లోవాళ్లకి వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే క్వాలిటీ తగ్గుతుంది. అప్‌లోడ్ చేసేముందు గాజు చేతిలో పట్టుకుని, రెండు వేర్వేరు ఫోన్లలో ఫొటో తెరిచి రంగు పోల్చుకోండి. కార్ఖానా నుంచి కొత్త సరుకు వస్తే పాత ఫొటోతో నడిపించొద్దు. లక్కలో రంగు కలిపేది చేత్తోనే కాబట్టి, అదే మెరూన్ ఈసారి ఒక పిసరు ముదురుగా ఉండొచ్చు.