రెండు పూటల పస్తు.. పేదింటికి రేషన్: ఓ చర్చి సాయం చేసే తీరు

రంజాన్ నెలలో రోజా ఉన్న మనిషికి ఆకలి అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఆకలి తెలుసు కాబట్టే ఈద్ నమాజుకు ముందే ఫిత్రా తీసి పేదవాడి ఇంటికి చేరుస్తారు. ఉపవాసాన్ని, దానాన్ని ఇలాగే ముడివేసిన వ్యవస్థ ఒకటి అమెరికాలో పుట్టింది. దాన్ని నడిపేది ‘ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్’. జనం నోట మోర్మన్ చర్చి అనే పేరే ఎక్కువ. దీని కేంద్రం సాల్ట్ లేక్ సిటీ.

నెలకో ఉపవాసం

ఈ చర్చి సభ్యులు సాధారణంగా ప్రతి నెలా మొదటి ఆదివారం రెండు పూటలు అన్నం, నీళ్లు మానేస్తారు. ఆ రెండు పూటల తిండికి ఎంత ఖర్చయ్యేదో అంత, వీలైతే ఇంకాస్త ఎక్కువ, ‘ఉపవాస కానుక’గా ఇస్తారు. ఆదాయంలో పదో వంతు ఇచ్చే దశమ భాగం వేరు. అది ప్రార్థనా మందిరాలకు, చర్చి నిర్వహణకు వెళ్తుంది. ఉపవాస కానుక మాత్రం పేదల కోసమే. జకాత్‌లా దీనికి నిసాబ్, రెండున్నర శాతం వంటి లెక్కలు లేవు. ఎంత ఇవ్వాలన్నది ఇచ్చేవాడి మనసుకే వదిలేశారు.

ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలో స్థానిక బిషప్ నిర్ణయిస్తాడు. ఇక్కడ బిషప్ అంటే జీతం తీసుకునే మతగురువు కాదు. టీచరో, వ్యాపారో, తన ఉద్యోగం తాను చేసుకుంటూనే కొన్నేళ్లపాటు ఈ బాధ్యత మోస్తాడు. కష్టంలో ఉన్న కుటుంబానికి ఏం కావాలో తెలుసుకోవడంలో ‘రిలీఫ్ సొసైటీ’ అనే మహిళా సంఘం నాయకురాలు ఆయనకు తోడుంటుంది. అద్దె బాకీనా, మందుల ఖర్చా, ఇంట్లో బియ్యం గింజ లేదా అన్నది చూసి సాయం చేస్తారు.

డబ్బుల కౌంటర్ లేని దుకాణం

తిండి సరుకులు కావాల్సిన వారికి బిషప్ ఒక చీటీ రాసిస్తాడు. అది పట్టుకుని ‘బిషప్ స్టోర్‌హౌస్’కు వెళ్తే పిండి, పాలు, కూరగాయలు, డబ్బా పండ్లు ఇస్తారు. చూడ్డానికి కిరాణా కొట్టులాగే ఉంటుంది. కాకపోతే డబ్బులు తీసుకునే కౌంటర్ ఉండదు. సాయం పొందినవారిని తమకు చేతనైన పని ఏదో ఒకటి చేయమంటారు. సరుకులు సర్దడం, ఊడ్చడం, తోటివారికి సాయపడటం.. ఏదైనా సరే. చేయి చాచి తీసుకున్నామన్న చిన్నతనం మిగలకూడదన్నదే దీని ఉద్దేశం.

ఈ ఆలోచన పుట్టింది 1930ల ఆర్థిక మాంద్యంలో. 1933 నాటికి యూటాలో పనిచేసే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉపాధి లేదు. పండిన పంటకు కోత కూలి కూడా రాక రైతులు చేలోనే వదిలేస్తున్న రోజులవి. సాల్ట్ లేక్ సిటీలో స్థానిక నాయకుడిగా ఉన్న హెరాల్డ్ బి. లీ పనిలేని వాళ్లను ఆ పొలాలకు పంపించాడు. కోసిన దాంట్లో వాటా తెచ్చి గోదాములో పెట్టి, లేనివారికి పంచారు. 1936లో చర్చి దీన్నే తన మొత్తం కార్యక్రమంగా చేసుకుంది. నగరంలోని ‘వెల్ఫేర్ స్క్వేర్’లో 178 అడుగుల ఎత్తున్న గోధుమల గిడ్డంగి ఆ కాలానికి గుర్తుగా నేటికీ కనిపిస్తుంది. 1938లో మొదలైన ‘డెసరెట్ ఇండస్ట్రీస్’ దుకాణాలు పాత బట్టలు, సామాన్లు అమ్ముతూనే, ఉద్యోగం దొరకని వారికి పని నేర్పుతున్నాయి.

ఇల్లు దాటి, దేశం దాటి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ గోదాముల సరుకులు యూరప్‌కు వెళ్లాయి. 1985 జనవరిలో ఇథియోపియా కరువు బాధితుల కోసం ప్రత్యేకంగా ఒకరోజు ఉపవాసం పెడితే 60 లక్షల డాలర్లకు పైగా పోగైంది. 2004 సునామీ తర్వాత ఇండోనేషియా బాధితులకు సాయం పంపడంలో ఈ చర్చి, ముస్లిం సేవాసంస్థ ‘ఇస్లామిక్ రిలీఫ్’ చేతులు కలిపాయి. 2022లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి చర్చి 3.2 కోట్ల డాలర్లు ఇచ్చింది. చర్చి లెక్కల ప్రకారం 2023లో సాయం కోసం పెట్టిన మొత్తం ఖర్చు 136 కోట్ల డాలర్లు.

ప్రశ్నలూ ఉన్నాయి

సాయం వెనక మత ప్రచారం ఉందా అన్న అనుమానం ఇలాంటి సంస్థలన్నిటికీ ఎదురవుతుంది. మానవతా సాయానికి మతంతో పనిలేదని, ఎవరికైనా ఇస్తామని చర్చి చెబుతుంది. అయితే మత ప్రచారం కోసం యువ మిషనరీలను పంపే సంస్థ కూడా ఇదే. కాబట్టి రెండు పనుల మధ్య గీత స్పష్టంగా ఉండాలని అడగడంలో తప్పు లేదు.

రెండోది డబ్బు ప్రశ్న. చర్చి పెట్టుబడుల విలువ దాదాపు 10 వేల కోట్ల డాలర్లని 2019లో ఓ మాజీ ఉద్యోగి బయటపెట్టాడు. వాటాల వివరాలు సరిగా వెల్లడించలేదంటూ 2023లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ చర్చికి, దాని పెట్టుబడి సంస్థకు కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కష్టకాలం కోసం దాచామని చర్చి అంటోంది. అంత దాచుకున్నవారు ఇంకా ఎక్కువ ఇవ్వొచ్చు కదా అని విమర్శకులు అంటున్నారు.

ఈ చర్చికి తెలుగు నేలతోనూ సంబంధం ఉంది. భారతదేశంలో దాని మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని సంఘాలు కలిసిన ప్రాంతీయ విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఇక్కడి సభ్యులు కూడా నెల మొదట్లో అదే ఉపవాసం ఉంటారు.

జకాత్ అయినా, దశమ భాగమైనా, గురుద్వారా లంగర్ అయినా చివరికి తేలాల్సింది ఒక్కటే. ఇచ్చిన రూపాయి అవసరం ఉన్నవాడి చేతికి చేరిందా, వాడు తల దించుకోకుండా తీసుకోగలిగాడా? ఇచ్చేవాడు ముందు తానూ ఒక పూట ఆకలితో ఉంటే, ఆ రెండో ప్రశ్నకు జవాబు కాస్త తేలికవుతుంది.