పువ్వు, పురుగు, పిడుదు

సాలూరునుండి కోరాపుట్ వైపు పోవు ఘాటు రోడ్డు పాచిపెంట ప్రాంతపు కొండలగుండా సాగును. తూర్పు కనుమలలోని ఈ భాగము 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్నది. వానలు పడి పొదలు దట్టముగా పెరిగినపుడు ఇట్టి కొండలలో పూచు మొక్కలను, వాటిపై వ్రాలు కీటకములను ఛాయాచిత్రములుగా సేకరించుట విద్యార్థులకు చక్కని ప్రకృతి పరిశీలన. కాని పశువులు, అడవి జంతువులు తిరుగు గడ్డిలో పిడుదులు కూడ పొంచియుండును. పువ్వును చిత్రించుటకు మనిషి చేయు పనులే, అనగా వంగుట, మోకరిల్లుట, కదలక చాలసేపు నిలుచుట, పిడుదుకు మంచి అవకాశములు. కనుక ఈ రెండు విషయములను కలిపి తెలిసికొనుట అవసరము.

చిత్రము వలన ప్రయోజనము

గాంబుల్ ప్రారంభింపగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు రాజధాని వృక్షశాస్త్ర గ్రంథము 1915-1936 సంవత్సరముల మధ్య వెలువడినది. అట్టి గ్రంథములకు ముఖ్యాధారము ఎండబెట్టి కాగితములకు అంటించిన మొక్కలు. ఎండిన పువ్వు రంగు మారిపోవును. దానిపై వ్రాలిన తుమ్మెద అందు మిగులదు. ఈ కొరతను ఛాయాచిత్రము తీర్చగలదు. వానకాలమున పూయు అడవినాభినే తీసికొందము. దాని పూరేకులు అలలవంటి అంచులతో వెనుకకు వంగి, మొదట పసుపుపచ్చగా నుండి క్రమముగా ఎరుపెక్కును. ఈ మార్పును వరుస చిత్రములలో చూపవచ్చును. దాని దుంపలో కాల్చిసిన్ అను విషము మెండుగా నుండును గనుక, మొక్కను పెరుకక చిత్రించుటయే మేలు.

ఒక్క చిత్రముతో మొక్కను గుర్తించుట కష్టము. మొక్క యంతయు ఒకటి, పువ్వు ఎదుటినుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి, ఆకు పైభాగము, అడుగుభాగము విడివిడిగా తీయవలెను. ప్రక్కన చిన్న కొలబద్ద ఉంచి, తేదీని, స్థలమును వ్రాసికొనవలెను.

కెమెరా వస్తువునకు దగ్గరగు కొలది స్ఫుటముగా కనబడు లోతు తగ్గును. వస్తువెంత ఉన్నదో ప్రతిబింబమును అంతే ఉన్నపుడు ఈ లోతు సాధారణముగా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. కటక ద్వారమును చిన్నది చేసిన లోతు పెరుగును గాని వెలుతురు తగ్గును. మరీ చిన్నదైనచో వివర్తనము వలన చిత్రము మసకబారును. అందుచేత సీతాకోకచిలుక రెక్కల తలమునకు కెమెరాను సమాంతరముగా పట్టవలెను. కీటకములలో పెక్కింటికి శరీరపు వేడి ఎండనుండియే లభించును. తెల్లవారుజాము చలిలో అవి మందముగా నుండుట చేత చిత్రించుట సులభము. అందుకే చిత్రకారుడు ఉదయమే గడ్డిలో మోకరిల్లును.

పిడుదు వేచియుండు తీరు

పిడుదు కీటకము కాదు. సాలెపురుగు, తేలు చేరిన వర్గమునకు చెందినది. పెరిగిన పిడుదుకు ఎనిమిది కాళ్లు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆరే. చాల జాతులలో పిల్ల, మధ్యదశ, ప్రౌఢదశ మూడును వేర్వేరు జంతువుల రక్తము త్రాగి నేలపై పడును. పిడుదు ఎగురలేదు, దుముకలేదు. గడ్డికొన కెక్కి ముందుకాళ్లు చాచి నిరీక్షించును. ఆ కాళ్లపై గల హాలర్ అవయవము జంతువులు విడుచు బొగ్గుపులుసు వాయువును, వాటి వేడిని పసిగట్టును. తగిలిన బట్టను పట్టుకొని ప్రాకి, చర్మములో నోటిముల్లును గ్రుచ్చును. ఆ ముల్లుకు వెనుకకు తిరిగిన పండ్లుండుట చేత సులభముగా ఊడి రాదు.

పిడుదులు పశువులకు జ్వరము తెచ్చునని 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అమెరికాలో నిరూపించిరి. మన దేశమున పశ్చిమ కనుమలలోని షిమోగా జిల్లాలో 1957లో కోతుల మరణములతో బయటపడిన క్యాసనూరు అడవి జ్వరము కూడ పిడుదుల వలననే మనుష్యులకు వచ్చును. ప్రతి కాటుతోను జ్వరము రాదు. రోగక్రిములు గల పిడుదు కరచిననే ప్రమాదము. ఆంధ్రప్రదేశ్‌లో కనబడు స్క్రబ్ టైఫస్ జ్వరమును తెచ్చునవి పిడుదులు కావు. వాటి బంధువులైన మైట్ల పిల్లలు. అవి కంటికి ఆనుట కష్టము. కరచినచోట పెక్కుమందిలో నల్లని పక్కు కట్టును.

జాగ్రత్తలు

లేతరంగు బట్టలపై పిడుదు తేలికగా కనబడును. నిండు చేతుల చొక్కా తొడిగి, పంట్లాము అంచులను మేజోళ్లలోనికి దోపుకొనవలెను. కాలిబాట నడుమనే నడచుట మంచిది. మోకరిల్లుచోట తెల్లని దుప్పటి పరచిన, దానిపై ప్రాకు పిడుదులు తెలియును. కీటకములను పారద్రోలు డీట్ లేపనమును సీసాపై వ్రాసిన సూచనల ప్రకారము వాడవచ్చును. ఇల్లు చేరగానే స్నానము చేసి, చెవుల వెనుక, చంకలు, నడుము, గజ్జలు, మోకాళ్ల వెనుక వెదకవలెను.

కరచియున్న పిడుదును నిప్పుతో కాల్చుట, కిరసనాయిలు పోయుట తగదు. సన్నని పటకారుతో చర్మమునకు ఆనించి పట్టి, మెలిపెట్టక నిలకడగా పైకి లాగవలెను. తరువాత ఆ చోటును సబ్బుతో కడుగవలెను. పిడుదును కొలబద్ద ప్రక్కన పెట్టి చిత్రము తీసి, తేదీ వ్రాసిన చిన్న సీసాలో ఉంచవలెను. కొన్ని దినములలో జ్వరము, తీవ్రమైన తలనొప్పి, చర్మముపై దద్దు కనిపించినచో వెంటనే వైద్యునికి చూపి, కొండకు పోయిన సంగతి తప్పక చెప్పవలెను. టైఫస్ జ్వరములకు మంచి మందులు కలవు. కాని ఆలస్యమైన ప్రాణాపాయము. పువ్వు కొరకు వ్రాసికొన్న తేదీ, స్థలమే ఇక్కడ రోగనిర్ణయమునకు తోడ్పడును.