రోడ్డు మూసే రోజున ఇంట్లో రోగి ఉంటే



జబ్బు చెప్పి రాదు. సింహాచలంలో రోడ్లు మూసే రోజులు మాత్రం పంచాంగంలో ముందే ఉంటాయి: అక్షయ తృతీయ నాడు చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ.

గిరి ప్రదక్షిణలో భక్తులు కొండ దిగువన తొలిపావంచా నుంచి బయలుదేరి అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక, ఎం.వి.పి. కాలనీ, మాధవధార, ఎన్.ఎ.డి. కూడలి, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్లు నడిచి మళ్ళీ అక్కడికే చేరతారు. అడివివరం వారు నగరంలోని ఆసుపత్రులకు రావాలంటే మామూలుగా రెండు దారులు. ఒకటి హనుమంతవాక వైపు, రెండవది గోపాలపట్నం వైపు. మధ్యలో కొండ. ప్రదక్షిణ ఆ కొండ చుట్టూ జరుగుతుంది గనుక రెండు దారులూ ఒకేసారి జనంతో నిండిపోతాయి. మళ్ళించిన వాహనాలు మిగిలిన ఇరుకు వీధుల్లో చేరి అవీ ఆగిపోతాయి. "ఇటు కాకపోతే అటు వెళ్దాం" అనే లెక్క ఆ రోజు పనికిరాదు.

డయాలసిస్ చేయించుకునేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు, రక్తంలో పొటాషియం పెరిగి ఆయాసం రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. వారం ముందే సిస్టరు గారితో మాట్లాడి రోజు మార్పించుకోండి. ఈలోగా నీళ్ళు, పండ్ల రసాలు డాక్టరు చెప్పిన మేరకే ఇవ్వండి. కొబ్బరినీళ్ళు చలువే కదా అని పట్టించే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాటిలో పొటాషియం ఎక్కువ!

నెలలు నిండిన గర్భిణిని రెండు రోజుల ముందే ఆసుపత్రికి దగ్గరలోని చుట్టాల ఇంట్లో ఉంచండి.

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి, అదీ తలకు స్కానింగు తీసిన తరువాతే. జనం తగ్గాక వెళ్దామని ఆగవద్దు. ఛాతీలో నొప్పి, చెమటలు వచ్చినా అంతే. ఆటోలో బయలుదేరి బారికేడు దగ్గర చిక్కుకోకుండా 108కి ఫోను చేయండి. వీధి పేరు, దగ్గరి గుర్తు, ఎటువైపు రోడ్డు మూశారో చెప్పండి. సొంత వాహనంలో రావలసివస్తే ఆసుపత్రి ఫైలు చేతిలో ఉంచుకుని బందోబస్తు పోలీసులకు చూపించండి.

ట్రాఫిక్ మళ్ళింపుల వివరాలు పండుగ ముందు పత్రికల్లో వస్తాయి. ఆ ముక్క కత్తిరించి మందుల డబ్బా మూతకు అంటించండి.