ధాన్యం ట్రాలీలకు మార్పిడి టైర్ల ఎంపిక: బరువు లెక్కే భద్రతకు ఆధారం

సూర్యాపేట – ఖమ్మం రహదారిపై ఉన్న మోతె మండలంలో వరి కోతల కాలం వచ్చిందంటే ట్రాక్టరు ట్రాలీలకు విరామం ఉండదు. కోసిన ధాన్యంలో కొంత గ్రామాల్లోని కొనుగోలు కేంద్రాలకు చేరుతుంది. సన్నరకాల పచ్చి ధాన్యాన్ని ఆరబెట్టకుండానే నేరుగా మిర్యాలగూడ మిల్లులకు తరలించే ఆనవాయితీ కూడా ఈ ప్రాంతంలో ఉంది. అలా వెళ్లిన ట్రాలీలు పూర్తి బరువుతో పదుల కిలోమీటర్లు నడుస్తాయి. రద్దీ రోజుల్లో మిల్లు ముందు వరుసలో గంటల తరబడి అదే బరువుతో నిలబడతాయి. యాసంగి ధాన్యం రవాణా ఏప్రిల్, మే నెలల్లో, ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజుల్లో సాగుతుంది. అంటే ట్రాలీ టైరుపై అత్యధిక బరువు, అత్యధిక వేడి ఒకే సమయంలో పడుతున్నాయి.

అయినా అరిగిన టైరును మార్చే సందర్భంలో బరువు లెక్క వేసేవారు తక్కువ. పాత టైరు కొలతనే మళ్లీ అడగడం, ఎక్కువ పొరలున్న టైరు కాబట్టి చాలునని భావించడం, లారీ నుంచి తీసిన పాత టైరును చౌకగా తెచ్చి బిగించడం సాధారణంగా కనిపించే పద్ధతులు. ట్రాలీ టైరు పేలితే నష్టం ధాన్యంతో ఆగదు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. నిండు ట్రాలీ బరువు దానిని లాగే ట్రాక్టరు బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ఒకవైపు చక్రం ఒక్కసారిగా కుంగితే ట్రాలీ ట్రాక్టరును పక్కకు లాగుతుంది. కాలువ కట్టలపై, ఎత్తైన రోడ్డు అంచులపై ఆ కుదుపును సరిదిద్దుకునే వ్యవధి చోదకునికి దొరకదు.

టైరు ఎలా బరువు మోస్తుంది?

ట్రాలీ బరువును ప్రధానంగా మోసేది టైరులో బంధించిన గాలి. రబ్బరు, నైలాను పొరలు ఆ గాలిని పట్టి ఉంచే పాత్ర వంటివి. గాలి పీడనం, గాలి పరిమాణం పెరిగిన కొద్దీ మోత సామర్థ్యం పెరుగుతుంది. పాత్ర గట్టిదైతే అందులో ఎక్కువ పీడనం నింపవచ్చు. టైరుపై ముద్రించే పొరల సంఖ్య, అంటే ప్లై రేటింగు, ఈ గట్టితనాన్నే సూచిస్తుంది. ఇప్పటి టైర్లలో 16 ప్లై అంటే లోపల లెక్కకు 16 పొరలు ఉన్నాయని అర్థం కాదు. అంతటి బలానికి సమానమని మాత్రమే అర్థం.

దీని నుంచి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. 10 ప్లై టైరు తీసి అదే కొలతలో 16 ప్లై టైరు బిగించి, గాలి మాత్రం పాత పీడనానికే నింపితే మోత సామర్థ్యంలో చెప్పుకోదగ్గ పెరుగుదల రాదు. కొత్త టైరుపై సూచించిన పీడనం నింపినప్పుడే దాని పూర్తి సామర్థ్యం అక్కరకు వస్తుంది. ఆ పీడనాన్ని రిమ్ము కూడా తట్టుకోగలగాలి.

టైరు పక్కగోడపై అంకెలు

9.00-16 అనే గుర్తులో 9.00 టైరు వెడల్పును, 16 రిమ్ము వ్యాసాన్ని అంగుళాలలో తెలుపుతాయి. రెండు అంకెల మధ్య అడ్డగీత ఉంటే అది వాలు పొరల టైరు. వాడుకలో దీనినే నైలాన్ టైరు అంటారు. అడ్డగీత స్థానంలో 'ఆర్' అక్షరం ఉంటే అది రేడియల్ టైరు.

కొలత కంటే ముఖ్యమైనది భార సూచిక. ఇది కిలోగ్రాముల సంఖ్య కాదు, పట్టికలోని వరుస సంఖ్య. సూచిక 120 అయితే ఒక టైరు మోయగల గరిష్ఠ బరువు 1,400 కిలోలు. 125కు 1,650, 130కి 1,900, 135కు 2,180, 140కి 2,500, 145కు 2,900 కిలోలు. 130/128 వంటి జంట సంఖ్య ఉంటే మొదటిది టైరును ఒంటరిగా, రెండవది జంట చక్రాలుగా బిగించినప్పుడు వర్తిస్తుంది.

భార సూచిక పక్కన ఉండే అక్షరం వేగ చిహ్నం. ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40, బి అంటే 50, డి అంటే 65, ఎఫ్ అంటే 80 కిలోమీటర్లు. సూచికలో తెలిపిన బరువు ఆ వేగం వరకే చెల్లుతుంది. ఏ8 చిహ్నమున్న పనిముట్ల టైరుతో జాతీయ రహదారిపై 40 కిలోమీటర్ల వేగం దాటితే, బరువు పరిమితిలోనే ఉన్నా టైరు హద్దు మీరినట్లే.

తయారీ తేదీ నాలుగు అంకెలలో ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. ట్రాలీ ఏడాదిలో అనేక నెలలు ఎండలో కదలక నిలబడుతుంది. గాడులు అరగకపోయినా రబ్బరు గట్టిపడి పక్కగోడలపై బీటలు వస్తాయి. కాబట్టి ట్రాలీ టైరు వయసును అరుగుదలతో మాత్రమే కాక తేదీతో కూడా లెక్కించాలి. కొత్త టైరు కొనేటప్పుడు దుకాణంలో ఎంతకాలంగా నిల్వ ఉన్నదో ఈ తేదీ చూసి తెలుసుకోవచ్చు.

మొదట సరుకు బరువు

పెట్టె లోపలి కొలత 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్రాలీని ఉదాహరణగా తీసుకుంటే దాని ఘనపరిమాణం 120 ఘనపుటడుగులు, అంటే సుమారు 3.4 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు ఆరిన ధాన్యం దాదాపు 580 కిలోలు తూగుతుంది. పెట్టె అంచుల వరకు నింపితే ధాన్యం సుమారు 2 టన్నులు. పక్క పలకలను 4 అడుగులకు పెంచితే అదే ట్రాలీలో సుమారు 3.9 టన్నులు పడుతుంది. పలకలు లేకుండా 2 అడుగుల ఎత్తుకే మొరం నింపినా, ఘనపు మీటరుకు 1.7 టన్నుల చొప్పున 5.8 టన్నులు అవుతుంది. ట్రాలీ ఒకటే, టైర్లు అవే, బరువు మాత్రం దాదాపు మూడింతలు. 'ఒక ట్రాలీ' అనే మాట ఘనపరిమాణాన్ని చెబుతుందే తప్ప బరువును చెప్పదు.

తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోత సమయంలో 25 శాతం తేమ ఉన్న 110 క్వింటాళ్ల ధాన్యం, కొనుగోలు కేంద్రంలో అనుమతించే 17 శాతం తేమకు ఆరితే సుమారు 99 క్వింటాళ్లకు దిగుతుంది. ఆ తేడా అంతా నీరే. పచ్చి ధాన్యాన్ని మిల్లుకు తరలించే రైతు ట్రాలీ ఆ నీటిని కూడా మోస్తుంది.

ఒక్కొక్క చక్రంపై పడే బరువు

నాలుగు చక్రాల ట్రాలీ ఖాళీ బరువు 1.5 టన్నులు, అందులో 40 కిలోల బస్తాలు 125, అంటే 5 టన్నుల ధాన్యం ఉన్నదనుకుంటే మొత్తం 6,500 కిలోలు. నాలుగుతో భాగిస్తే చక్రానికి 1,625 కిలోలు. ఈ లెక్కన 1,650 కిలోల సామర్థ్యం గల 125 సూచిక టైరు సరిపోతుందని అనిపిస్తుంది. కానీ బరువు నాలుగు చక్రాలపై సమానంగా పడటం అరుదు. సరుకు ముందుకో వెనుకకో జరుగుతుంది. కాలువ కట్టపై ట్రాలీ ఒకవైపు ఒరిగినప్పుడు ఆ పక్క చక్రాలపై భారం పెరుగుతుంది. గుంతలో పడినప్పుడు క్షణకాలం మరింత పెరుగుతుంది. అందువల్ల 20 శాతం అదనంగా కలిపితే 1,950 కిలోలు వస్తుంది. దీనికి తగినది 131 సూచిక.

రెండు చక్రాల ట్రాలీలో లెక్క మారుతుంది. మొత్తం బరువు 5,000 కిలోలు, అందులో 10 శాతం కొక్కెం ద్వారా ట్రాక్టరుపై పడుతుందనుకుంటే ఇరుసుపై మిగిలేది 4,500 కిలోలు. చక్రానికి 2,250, 20 శాతం కలిపితే 2,700 కిలోలు. 2,725 కిలోల సామర్థ్యమున్న 143 సూచిక టైరు అవసరమవుతుంది. మొత్తం బరువు మొదటి ఉదాహరణ కంటే టన్నున్నర తక్కువైనా, ఈ ట్రాలీకి మరింత శక్తిగల టైరు కావాలి. పొరుగు రైతు ట్రాలీకి సరిపోయిన టైరు తన ట్రాలీకి సరిపోతుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది.

ఊహించిన బరువు కంటే తూచిన బరువు మేలు. నిండు ట్రాలీని వేబ్రిడ్జి మీదకు తెచ్చి, ముందు ఇరుసును, వెనుక ఇరుసును విడివిడిగా తూచాలి. రెండు చక్రాల ట్రాలీ అయితే ట్రాక్టరును తగిలించి ఉంచి, దాని చక్రాలను బల్లకు వెలుపల నిలిపి ట్రాలీ చక్రాలను మాత్రమే తూస్తే ఇరుసు భారం తెలుస్తుంది. బల్ల, ట్రాక్టరు నిలిచిన నేల ఒకే మట్టంలో ఉండాలి. ఒక్కసారి తూచి రాసిపెట్టుకున్న ఈ అంకె టైరు దుకాణంలో రైతుకు అన్నింటికంటే ఉపయోగపడుతుంది.

పెద్ద టైరు ట్రాలీ సామర్థ్యాన్ని పెంచదు

టైరు మోయగలిగినంత మాత్రాన ట్రాలీ మోయలేదు. ఇరుసు, బేరింగులు, రిమ్ము, రిమ్ము బోల్టులు, కొక్కెం, చట్రం అనే వరుసలో అన్నింటికంటే బలహీనమైన భాగమే అసలు పరిమితి. టైరు బలం పెరిగితే వైఫల్యం టైరు నుంచి ఇరుసుకు మారవచ్చు. రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన మొత్తం బరువును మించి నింపడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. 2019 సవరణ తరువాత దీనికి 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున జరిమానా ఉంది. కాబట్టి శక్తిగల టైరును అదనపు సరుకు కోసం కాకుండా, అనుమతించిన బరువును నిశ్చింతగా మోయడం కోసం ఎంచుకోవాలి.

ఎంపికలో జాగ్రత్తలు

ట్రాక్టరు ముందు చక్రానికి వాడే గీతల టైరు కొలతలో రిమ్ముకు సరిపోయినా ట్రాలీకి వాడరాదు. అది తక్కువ భారానికి తయారైనది. జీపు టైర్లకూ ఇదే వర్తిస్తుంది.

ఒకే ఇరుసుపై నైలాన్ టైరును, రేడియల్ టైరును కలిపి వాడరాదు. ఒకే కొలత, ఒకే ప్లై రేటింగు, దాదాపు ఒకే అరుగుదల ఉన్న టైర్లను జతగా బిగించాలి. జంట చక్రాలలో ఒకటి ఎత్తుగా ఉంటే భారమంతా దానిపైనే పడి ముందుగా పాడవుతుంది.

పాత టైరుపై కొత్త రబ్బరు అతికించినవి కొనవలసి వస్తే గాడుల లోతు కంటే లోపలి పొరలను, అంచు తీగను, పక్కగోడను ముందుగా పరిశీలించాలి. బీటలు, ఉబ్బు, బయటపడిన దారాలు ఉన్న టైరు ఎంత చౌకైనా తీసుకోరాదు. వాణిజ్య వాహనాల టైర్లకు ఐఎస్ 15636 భారతీయ ప్రమాణం ఉంది. అటువంటి టైరు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తును సరిచూడాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కోరే కనీస గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు.

కొత్త టైరుతోపాటు ట్యూబును, రిమ్ముకు ట్యూబుకు మధ్య ఉండే ఫ్లాప్‌ను కూడా మార్చాలి. సాగిన పాత ట్యూబు కొత్త టైరులో ముడతలు పడి చిరుగుతుంది. లాక్ రింగు ఉన్న రిమ్ములో గాలి నింపేటప్పుడు రింగు ఊడి ఎగిరిపడితే ప్రాణాంతకమవుతుంది. ఈ పనిని పంజరం వంటి రక్షణ ఉన్న చోట, రింగుకు ఎదురుగా ఎవరూ నిలబడకుండా చేయించాలి.

వేసవిలో గాలి తగ్గించరాదు

ఎండకు టైరు పేలుతుందన్న భయంతో వేసవిలో గాలి తగ్గించే అలవాటు ఉంది. ఇది కోరిన దానికి వ్యతిరేక ఫలితాన్నిస్తుంది. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగుతుంది. ఆ వంపు వల్ల రబ్బరులో వేడి పుట్టి, పొరలు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. టైరు పేలడానికి ఎక్కువగా దారితీసేది ఈ లోపలి వేడే. చదరపు అంగుళానికి 80 పౌండ్ల పీడనంతో 30 డిగ్రీల వద్ద నింపిన టైరు 70 డిగ్రీలకు వేడెక్కితే పీడనం సుమారు 12 పౌండ్లు పెరుగుతుంది. టైరు నిర్మాణంలో ఈ పెరుగుదలకు అవకాశం ఇచ్చి ఉంటారు. అందువల్ల ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, గేజీతో చూసి గాలి నింపాలి. వేడెక్కిన టైరు నుంచి గాలి వదలరాదు.

పొలంలో మరో సమస్య

రోడ్డుపై భారం మోసేందుకు అవసరమైన అధిక పీడనమే తడి పొలంలో ప్రతికూలమవుతుంది. గట్టిగా గాలి నింపిన సన్నని టైరు నేలలో కూరుకుపోయి చక్రం దారి వెంట మట్టిని అణచివేస్తుంది. నల్లరేగడి నేలలు తడిగా ఉన్నప్పుడు ఈ నష్టం ఎక్కువ. పొలం కోసం గాలి తగ్గించి, అదే గాలితో రోడ్డెక్కడం అన్నింటికంటే ప్రమాదకరం. ట్రాలీని గట్టు లేదా బాట మీదనే నిలిపి, కోత యంత్రం అక్కడికి వచ్చి ధాన్యం దించే ఏర్పాటు చేసుకుంటే టైరుకు, నేలకు రెండింటికీ మేలు.

విస్తరణ కార్యక్రమాల్లో చోటు

ట్రాలీ సరుకు రవాణాకే ఉద్దేశించినది. అయినా నాట్లకు, కోతలకు కూలీలను అందులోనే తరలిస్తున్నారు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద వ్యవసాయ కూలీలతో వెళుతున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు. ఈ ఉదంతం టైరుకు సంబంధించినది కాదు. అయితే ట్రాలీ అదుపు తప్పితే ఎంత నష్టం జరుగుతుందో ఇది తెలియజేస్తుంది. టైరు వైఫల్యం కూడా ట్రాలీని అటువంటి స్థితికే తేగలదు.

గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల పరిధిలో కోతలకు ముందే ట్రాలీ యజమానులకు, చోదకులకు ఒక పూట శిక్షణ ఏర్పాటు చేయవచ్చు. వేబ్రిడ్జి వద్ద రెండు మూడు ట్రాలీలను ఇరుసుల వారీగా తూచి, చక్రం భారాన్ని లెక్కగట్టి, బిగించి ఉన్న టైరు భార సూచికతో పోల్చి చూపితే ఉపన్యాసం అవసరం ఉండదు. వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇది మంచి క్షేత్ర అభ్యాసం. తూచిన బరువు, టైరు కొలత, భార సూచిక, తయారీ తేదీ, గాలి పీడనం అనే అయిదు అంశాలను ప్రతి ట్రాలీకి నమోదు చేస్తే, ఏ ట్రాలీ టైర్లను ఈ కోతలకు ముందే మార్చాలో ఆ కాగితమే తేల్చి చెబుతుంది.