తొంభై మందికీ ఐదుగురికీ ఒకే ఖజానా

2022 నవంబరులో, కళలకు ప్రభుత్వ నిధులు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ కొత్త గ్రాంట్ల జాబితా ప్రకటించగానే సంగీతలోకం ఉలిక్కిపడింది. ఏటా కోటీ పాతిక లక్షల పౌండ్ల దాకా అందుకునే ఇంగ్లిష్ నేషనల్ ఒపేరాకు అందులో చోటే లేదు. లండన్ వదిలి వెళ్తే సాయం చేస్తామన్నారు. తూర్పు ఇంగ్లండ్‌లో కచేరీలు చేసే బ్రిటెన్ సిన్ఫోనియా గ్రాంటు పూర్తిగా పోయింది.

సింఫనీ ఆర్కెస్ట్రాకు ఎనభై, తొంభై మంది కావాలి. బీతోవెన్ నాటి రచనకు అప్పుడెంతమంది కావాలో ఇప్పుడూ దాదాపు అంతే; జీతాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. ఈ చిక్కును ఆర్థికవేత్తలు బామోల్, బోవెన్ 1966లోనే విడమరిచారు. పెరిగే ఆ ఖర్చు టికెట్ల డబ్బుతో తీరదు.

జాజ్‌కు ఐదుగురు చాలు. అంతమాత్రాన దానికి సాయం అక్కర్లేదనుకోవడం అన్యాయం! గ్యారీ క్రాస్బీ, జనీన్ ఐరన్స్ 1991లో స్థాపించిన టుమారోస్ వారియర్స్ లండన్ కుర్రకారుకు ఉచితంగా జాజ్ నేర్పుతోంది. ఆర్ట్స్ కౌన్సిల్ సొమ్ము దానికో అండ. అక్కడ కలిసిన కుర్రాళ్ల బృందం ఎజ్రా కలెక్టివ్ 2023లో బ్రిటన్ ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ ప్రైజ్ గెలిచింది. జాజ్ బృందానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

ఇలాంటి చోట్లకు వాటా పెరగాల్సిందే. కానీ చెదిరిన ఆర్కెస్ట్రాను మళ్లీ కూర్చడానికి ఏళ్లు పడుతుంది. కోత రాత్రికి రాత్రి పడకూడదు. అలా పడబట్టే ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా ఏడాదికి పైగా వెతుక్కుని, 2023 డిసెంబరులో గ్రేటర్ మాంచెస్టర్‌ను కొత్త నెలవుగా ఎంచుకుంది.